తిరగని మైళ్లు

"డాక్టరుగారి బండి. సింగిల్ హ్యాండ్. ఇంటికీ ఆస్పత్రికీ తప్ప తిరగలేదు." పాత కారు అమ్మేవాడు ఈ మూడు ముక్కలు అన్నాడంటే మన ఊళ్లలో కొనేవాడు సగం ఒప్పుకున్నట్టే. ఒంగోలులో పెరిగిన నాకూ ఆ మాటల మీద గురి ఉండేది. తక్కువ తిరిగింది మంచి బండి, ఎక్కువ తిరిగింది అరిగిపోయిన బండి, ఇందులో ఇంకా ఆలోచించడానికి ఏముంటుంది అనుకునేవాడిని. ఆ నమ్మకాన్ని టెక్సస్ దాకా మోసుకొచ్చి, 2012లో, నలభైకి దగ్గరపడిన వయసులో, ఇల్లు తర్వాత అంత పెద్ద కొనుగోలు ఇంకోటి లేదనదగ్గ పనిని ఆ ఒక్క నమ్మకంతోనే చేసేశాను. డబ్బు పోయిందని మాత్రం స్నేహితులకు చెప్పాను. మిగతాది ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

నా ముందు రెండు కార్లు ఉన్నాయి. ఒకటి 1995 నాటి ఫెరారీ ఎఫ్355. ఎరుపు, లోపల లేత గోధుమ రంగు తోలు సీట్లు, మీటరు మీద 9,400 మైళ్లు. రెండోది 1993 నాటి ఎన్‌ఎస్‌ఎక్స్, హోండా కంపెనీ అమెరికాలో అక్యురా పేరుతో అమ్మిన కారు. వెండి రంగు, 96,000 మైళ్లు. మొదటిదానికి 58 వేల డాలర్లు అడుగుతున్నారు, రెండోదానికి 34 వేలు.

ఈ రెండూ నాకు కొత్త పేర్లు కావు. హైదరాబాదులో ఇంజనీరింగ్ చదివే రోజుల్లో ఆదివారం పొద్దున్నే ఆబిడ్స్ వెళ్లేవాడిని. దుకాణాలు మూసి ఉంటాయి, వాటి ముందు పేవ్‌మెంట్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. సబ్జెక్టు పుస్తకాల కోసమని బయల్దేరి విదేశీ కార్ల పత్రికల దగ్గర ఆగిపోయేవాడిని. అట్టలు ఊడిన 'రోడ్ అండ్ ట్రాక్', 'కార్ అండ్ డ్రైవర్' సంచికలు. మన రోడ్ల మీద మారుతీ 800, అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని తప్ప పెద్దగా ఏమీ కనిపించని కాలం. ఎన్‌ఎస్‌ఎక్స్‌నూ ఫెరారీనీ పక్కపక్కన నిలబెట్టి పోల్చిన వ్యాసం ఒకటి దొరికితే, కాగితాలు చిరిగిపోయేదాకా చదివాను. అప్పుడే మనసులో పడింది, ఎప్పటికైనా ఈ రెండింట్లో ఒకటి నాది కావాలని.

ఆ రెండు కంపెనీల పోటీ వెనక పెద్ద కథ ఉంది. 1988 ఫార్ములా వన్ సీజన్లో పదహారు రేసులు జరిగితే హోండా ఇంజన్ బిగించిన మెక్‌లారెన్ కార్లు పదిహేను గెలిచాయి. నడిపినవాళ్లు అయిర్టన్ సెన్నా, అలెన్ ప్రోస్ట్. చేజారిన ఆ ఒక్క రేసూ ఇటలీలోని మోంజాలో. అక్కడ మొదటి రెండు స్థానాలూ ఫెరారీ కార్లకే దక్కాయి. కంపెనీ పెట్టిన ఎన్జో ఫెరారీ కన్నుమూసి అప్పటికి నెల కూడా నిండలేదు. ఆ సంగతి చదివినప్పుడల్లా నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో హోండా తన ఎన్‌ఎస్‌ఎక్స్‌ను చూపించింది. ఫెరారీలాగే ఇంజన్ సీట్ల వెనక, ఇద్దరికే చోటు. కానీ ఇది రోజూ ఆఫీసుకు వేసుకుపోగలిగిన కారు. బాడీ అంతా అల్యూమినియం, ఇంజన్లో కనెక్టింగ్ రాడ్లు టైటానియంవి. సెన్నా దాన్ని సుజుకా ట్రాక్ మీద నడిపి చూశాడు. తర్వాత ఇంజనీర్లు జర్మనీలో నూర్బుర్గ్‌రింగ్ ట్రాక్ మీద తిప్పి తిప్పి బాడీని ఇంకా బిగువు చేశారు. మెక్‌లారెన్ ఎఫ్1 అనే రోడ్డు కారును రూపొందించిన గోర్డన్ మర్రే, ఎన్‌ఎస్‌ఎక్స్‌ను నడిపాక తన కొలబద్దలన్నీ మారిపోయాయని ఒప్పుకున్నాడు.

ఫెరారీ ఊరుకుంటుందా? 1994లో ఎఫ్355 వచ్చింది. మూడున్నర లీటర్ల వీ8, సిలిండరుకు ఐదేసి వాల్వులు, నిమిషానికి 8,250 చుట్ల దగ్గర దాదాపు 375 హార్స్‌పవర్. పినిన్‌ఫరీనా గీసిన ఆకారం. ఎన్‌ఎస్‌ఎక్స్‌కు ఉన్నది మూడు లీటర్ల వీ6, 270 హార్స్‌పవర్. కాగితం మీద చూస్తే తేలికగా తేలిపోయే లెక్క. నేను కాగితం మీద చాలాకాలం చూశాను. ఎక్సెల్ షీటు తయారుచేసుకుని మైళ్లు, ధర, బీమా, ఐదేళ్ల తర్వాత అమ్మితే వచ్చేది, అన్నీ వరసగా రాసుకున్నాను. అందులో మైళ్ల గడికి అన్నిటికంటే ఎక్కువ మార్కులు వేశాను. అసలు పొరపాటు అక్కడే మొదలైంది. కారు చూడకముందే.

ఎన్‌ఎస్‌ఎక్స్ ఓక్లహోమా సిటీ శివార్లలో ఉంది. అమ్మేవాడు ఉద్యోగం నుంచి రిటైరైన పెద్దాయన. నేనూ మా ఆవిడా వెళ్లాం. ఆయన కారు కంటే ముందు ఒక ఫైలు తెచ్చి వంటింటి బల్ల మీద పెట్టాడు. లావుపాటి ఫైలు. ఆయిలు మార్చిన ప్రతిసారీ రసీదు. టైమింగ్ బెల్టు, దాంతోపాటే నీళ్ల పంపు మార్చిన తేదీ. కూలెంటు గొట్టాలన్నీ కొత్తవి వేయించిన బిల్లు. క్లచ్ ఒకసారి. ఏసీ కంట్రోలు బోర్డులో కారిపోయిన కెపాసిటర్లు మార్పించినది ఒకసారి. రోజూ ఇదే కారులో ఆఫీసుకు వెళ్లేవాడట, మోకాళ్లు సహకరించక ఇప్పుడు అమ్ముతున్నాడట.

కారు ముందు భాగం నిండా రాళ్లు తగిలి లేచిన పెయింటు చుక్కలు. డ్రైవరు సీటు ఎడమ అంచు, ఎక్కి దిగే చోట, తోలు అరిగి నెరిసింది. స్టీరింగు మీద చేతులు ఆనే రెండు చోట్లా నున్నగా మెరుస్తోంది. పెద్దాయన తాళాలు నా చేతిలో పెట్టి, ఎంతసేపు కావాలంటే అంతసేపు నడుపుకు రమ్మన్నాడు. కూర్చోగానే ముందు రోడ్డంతా కాళ్ల దగ్గరి నుంచి కనిపించింది. క్లచ్ మెత్తగా ఉంది. గేరు రెండు వేళ్లతో పడుతోంది. 5,800 చుట్లు దాటగానే ఇంజన్లో వాల్వులు తెరిచే తీరు మారుతుంది, ఆ క్షణాన వీపు వెనక గొంతు ఒక్కసారిగా మారిపోయింది. ఎనిమిది వేల దాకా లాగాను. ఎక్కడా వణుకు లేదు, మూలుగు లేదు. తర్వాత మా ఆవిడ నడిపింది. తిరిగొచ్చి ఇంజన్ ఆపి, "ఏమండీ, దీనికి భయపడక్కర్లేదు. సరుకులకు కూడా వేసుకెళ్తాను" అంది. తన ముఖంలో ఆనందం నాకు స్పష్టంగా కనిపించింది.

కనిపించి కూడా, నేను కారు ముందు వంగి పెయింటు చుక్కలు లెక్కపెడుతున్నాను. ఆ అరిగిన తోలు, ఆ చుక్కలు, ఆ ఫైలు, అన్నీ నాకు ఒకే మాట చెప్పినట్టు అనిపించింది: వాడేశారు. నిజానికి పంతొమ్మిదేళ్లపాటు ఒక మనిషి ఒక యంత్రాన్ని ప్రేమగా వాడుకుని, ఏ నెలలో ఏది అవసరమో అది చేయించిన దాఖలా అది. నాన్న వృత్తిని బట్టి చూస్తే అది నాకే ముందుగా అర్థమై ఉండాల్సింది.

నాన్న ఆర్టీసీ ఒంగోలు డిపోలో మెకానిక్. లక్షల కిలోమీటర్లు తిరిగిన బస్సులు ఆయన చేతుల మీదుగా మళ్లీ రోడ్డెక్కేవి. ఏ కారు కొనాలని ఆయన్ను నేను అడగలేదు, అమ్మతో మాట్లాడుతుంటే ఆయనే ఫోను తీసుకున్నాడు.

"ఎంత తిరిగిందిరా అబ్బాయ్ ఆ ఎర్రది?"

"తొమ్మిది వేల మైళ్లు నాన్నా. పదిహేడేళ్లలో."

"అంటే నిలబెట్టేశారు."

"నిలబెట్టడమేంటి, జాగ్రత్తగా దాచుకున్నారు."

"బండిని దాచేదేముందిరా? మా డిపోలో రూటు మీదున్న బస్సు కంటే షెడ్డులో నిలబడ్డ బస్సే ఎక్కువ పని పెట్టేది. సీళ్లు ఎండిపోతాయి, రబ్బరు బిరుసెక్కుతుంది. నువ్వు తిరిగే బండి తీసుకో."

ఇది బస్సు కాదు నాన్నా, దీని సంగతి వేరు అన్నాను. ఆయన ఇంకేమీ అనలేదు, ఫోను అమ్మకిచ్చాడు. ముప్పై ఏళ్లు ఇంజన్ల మధ్య గడిపిన మనిషి, నాకోసం నోరు తెరిచి చెప్పిన మాటను, ఫెరారీ అనే పేరు ముందు నేను తీసి పక్కన పెట్టేశాను. ఈ వ్యాసంలో నాకు అన్నిటికంటే కష్టంగా ఉన్న వాక్యం ఇదే.

ఫెరారీ హ్యూస్టన్‌లో ఉంది. ఏసీ పెట్టిన గ్యారేజీ, మెత్తటి గుడ్డ కవరు. యజమాని కవరు తీస్తుంటే ముందు ఎర్రటి బానెట్, తర్వాత వెనక ఇంజన్ మూత బయటపడ్డాయి. ఆ గేరు రాడ్డు చుట్టూ మెరిసే లోహపు పలక, అందులో ఒక్కో గేరుకు ఒక్కో గాడి. చేత్తో కదిపితే లోహం లోహానికి తగిలి టక్కుమంది. ఆబిడ్స్ పేవ్‌మెంట్ మీద చూసిన బొమ్మ. నా కాళ్లలో బలం పోయింది. అబద్ధం ఎందుకు, ఆ కారు అందం ముందు నేను ఇప్పటికీ నిలబడలేను. తయారుచేసినవాళ్ల తప్పు ఇందులో రవ్వంత లేదు.

నడిపి చూస్తానంటే యజమాని వీధి చివరి దాకా వెళ్లి రమ్మన్నాడు. ఎక్కువ తిప్పితే మైళ్లు పెరుగుతాయి కదా అన్నాడు. నేను అవునన్నాను. ఆయన జాగ్రత్త చూసి గౌరవం కూడా కలిగింది. నాలుగో గేరు దాకా పోలేదు, ఇంజన్ పూర్తిగా వేడెక్కనే లేదు. నడపకుండానే కొన్నానన్నమాట.

టైర్ల దగ్గర కూర్చున్నాను. అచ్చులోంచి వచ్చినప్పుడు ఉండే సన్నటి రబ్బరు వెంట్రుకలు ఇంకా రాలలేదు. కొత్త టైర్లే అని సంతోషించాను. టైరు పక్క గోడ మీద డాట్ అనే అక్షరాల తర్వాత వరసలో చివరి నాలుగంకెలు అది ఏ వారం, ఏ సంవత్సరం తయారైందో చెబుతాయి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. అది చదవడం నాకు తెలుసు. చదవలేదు. తర్వాత చూస్తే అక్కడ 2102 అని ఉంది. 2002 మే నెల రబ్బరు, పదేళ్ల పాతది.

టైమింగ్ బెల్టు సంగతీ అంతే. ఎఫ్355లో ఆ బెల్టు మార్చాలంటే ఇంజన్ను, గేరుబాక్సును వెనక ఫ్రేముతో సహా కిందికి దించాలి. కారు బాడీని పైకెత్తితే ఇంజన్ కిందే ఉండిపోతుంది. అందుకే అది వేల డాలర్ల పని, ఎంత తక్కువ తిరిగినా మూడు నుంచి ఐదేళ్లకోసారి చేయించమని తెలిసినవాళ్లంతా చెబుతారు. బెల్టు తెగితే పిస్టన్లు వాల్వుల్ని గుద్దుతాయి, ఇక ఇంజన్ మీద ఆశ వదులుకోవాలి. యజమాని బిల్లు చూపించాడు: 2004లో, 8,700 మైళ్ల దగ్గర మార్పించారు. ఎనిమిదేళ్లు. నేను తీసివేత చేసింది మాత్రం మైళ్లలో. మార్చాక ఏడు వందల మైళ్లే తిరిగింది, ఇంకా చాలా జీవితం ఉంది అనుకున్నాను. రబ్బరు మైళ్లను లెక్కపెట్టదు. అది ఏళ్లను లెక్కపెడుతుంది, టెక్సస్ ఎండను లెక్కపెడుతుంది. ఇంజనీరింగ్ పట్టా ఉన్నవాడికి ఇది తెలియదా? తెలుసు. తొమ్మిది వేల నాలుగు వందలు అన్న అంకె నా బుర్రలో మిగతా అంకెలన్నింటినీ కప్పేసింది.

కొనేముందు ఆ కార్లు తెలిసిన స్వతంత్ర మెకానిక్ చేత పరీక్ష చేయించడం అమెరికాలో మామూలే. కొన్ని వందల డాలర్ల ఖర్చు. కంప్రెషన్ చూస్తారు, లీక్‌డౌన్ చూస్తారు. అంటే ఒక్కో సిలిండరులో పిస్టన్‌ను పైకి తెచ్చి, లోపలికి గాలి ఎక్కించి, ఎంత శాతం కారిపోతోందో కొలుస్తారు. గాలి సైలెన్సరు వైపు బుసకొడితే ఎగ్జాస్టు వాల్వు, ఆయిలు పోసే రంధ్రంలోంచి వస్తే పిస్టన్ రింగులు. చెవి పెట్టి వింటే ఇంజన్ తన జబ్బు తానే చెబుతుంది. తొలినాటి ఎఫ్355లలో వాల్వు గైడ్లు త్వరగా అరుగుతాయని పేరుంది కాబట్టి ఆ పరీక్ష లేకుండా ఆ కారు కొనకూడదు. నేను ఫోన్ చేసిన మెకానిక్ ఒక వారం ఆగమన్నాడు. శనివారం కాలిఫోర్నియా నుంచి ఇంకొకరు విమానంలో వస్తున్నారని యజమాని చెప్పాడు. శుక్రవారమే డబ్బు కట్టేశాను. ఇంత తక్కువ తిరిగిన బండికి పరీక్షలెందుకని మా ఆవిడతో కూడా అన్నాను. తను, "అయితే వెండిది వద్దంటారా?" అని ఒక్కసారి అడిగింది. వద్దన్నాను.

కారు ఇంటికొచ్చాక నేను ఏం చేశానో చెప్పాలి. పాత యజమాని చేసిందే చేశాను. కవరు కొన్నాను. బ్యాటరీకి చార్జరు తగిలించాను. మైళ్లు పది వేలు దాటకూడదని నాకు నేనే ఒక గీత గీసుకున్నాను, అది దాటితే అమ్మకం ధర పడిపోతుందని ఎక్సెల్ షీటు చెప్పింది మరి. స్నేహితులొస్తే కవరు తీసి చూపించి, ఇంజన్ ఒక్కసారి మోగించి, మళ్లీ కప్పేవాడిని. గ్యారేజీలో వేడికి స్విచ్‌ల మీద మెత్తటి పూత కరిగి వేళ్లకు బంకలా అంటుకోవడం మొదలైంది. ఆ కాలపు ఇటలీ కార్లలో అది మామూలే అని చదివి ఊరుకున్నాను.

మా అబ్బాయికి అప్పుడు ఏడేళ్లు. ఒకరోజు స్కూల్లో ఏదో తెచ్చి చూపించి చెప్పే కార్యక్రమం ఉంది. "నాన్నా, ఎర్ర కారులో దింపుతావా? నేను అందరికీ చెప్పాను" అన్నాడు. స్కూలు పక్కనే, మైలు కూడా ఉండదు. మబ్బు పట్టి ఉంది, వాన పడితే పెయింటు మీద మరకలు. అక్కడ పిల్లల తల్లిదండ్రుల కార్ల మధ్య ఎవరైనా తలుపు తగిలిస్తే? ఇంకో రోజు వెళ్దాం నాన్నా అన్నాను. వాడు సరేనని బ్యాగు తీసుకుని వ్యాను ఎక్కాడు. మళ్లీ అడగలేదు. పిల్లలు రెండోసారి అడగకపోవడం ఎంత పెద్ద సంగతో నాకు అప్పుడు తెలియలేదు. వానా రాలేదు ఆ రోజు.

2014 వేసవిలో నాన్న, అమ్మ మేముండే ప్లేనో వచ్చారు. నాన్నకు చూపించాలని, చాలా నెలల తర్వాత కారు బయటికి తీశాను. ఆయన పక్కన కూర్చున్నాడు. డాలస్ నార్త్ టోల్‌వే ఎక్కాం. నాలుగైదు మైళ్లు వెళ్లామో లేదో వెనక నుంచి తియ్యటి వాసన. "కూలెంటు కారుతోందిరా, ఆపు" అన్నాడు నాన్న, నేను ముల్లు చూసేలోపే. పక్కకు తీసి ఆపాం. తెల్లటి ఆవిరి. నూరు డిగ్రీల ఫారెన్‌హీట్ ఎండలో, డెబ్భైకి దగ్గరపడ్డ నాన్నను రోడ్డు గోడ పక్కన నిలబెట్టి టో ట్రక్కు కోసం చూశాం. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. చేతిరుమాలు తడిపి తల మీద వేసుకుని, "ఇంజన్ ఆపేశావు కాబట్టి పెద్దగా ఏమీ అయ్యుండదులే" అని నాకే ధైర్యం చెప్పాడు.

తెగింది కూలెంటు గొట్టం. పందొమ్మిదేళ్ల కిందట ఫ్యాక్టరీలో వేసినది. మెకానిక్ విప్పడం మొదలుపెట్టాక ఒకదాని వెనక ఒకటి బయటపడ్డాయి: క్యామ్ సీళ్లు ఎండి ఆయిలు కారుతోంది, మిగతా గొట్టాలన్నీ బిరుసెక్కాయి, పెట్రోలు గొట్టాలు పగుళ్లు తీశాయి. ఇంజన్ దించక తప్పదన్నాడు. దించిన రోజు నాన్న చూస్తానన్నాడు. వెళ్లాం.

లిఫ్టు మీద ఎర్రటి బాడీ పైన వేలాడుతోంది, వెనక చక్రాలు లేవు. కింద చక్రాల బల్ల మీద ఇంజన్, గేరుబాక్సు, ఫ్రేము కలిసి ఒక్క ముద్దగా ఉన్నాయి. నాన్న దాని చుట్టూ తిరిగాడు. క్యామ్ కవర్ల మీద చెయ్యి ఆనించాడు. సిలిండరుకు ఐదు వాల్వులని చెబితే, ఎక్కడ పెట్టారో చూపించమన్నాడు. మెకానిక్ ఆయనకు పాత హెడ్డు ఒకటి తెచ్చి చూపించాడు, మూడు లోపలికి, రెండు బయటికి. భాష రాని ఆ ఇద్దరూ వేళ్లతో మాట్లాడుకున్నారు. విప్పిన టైమింగ్ బెల్టు బల్ల మీద ఉంది. నాన్న దాన్ని తీసుకుని పళ్లు బయటికి వచ్చేలా వెనక్కి వంచాడు. పన్నుకూ పన్నుకూ మధ్య మొదట్లో, వెంట్రుకంత సన్నటి పగుళ్లు, వరసగా. బొటనవేలితో నొక్కితే ఒక పన్ను అంచు పొడిగా రాలింది. ఆయన దాన్ని నా చేతికిచ్చాడు.

"టోల్‌వే మీద ఇది తెగి ఉంటే?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు.

"కారు మంచిదేరా. పని చేసినవాళ్లు మహానుభావులు. దీన్ని నడపకుండా చంపుతున్నారు." ఆ 'చంపుతున్నారు'లో నేనూ ఉన్నానని ఇద్దరికీ తెలుసు.

బిల్లు పంతొమ్మిది వేల డాలర్లు దాటింది. కారుకు పెట్టినదానికి అది కలిపితే, ఓక్లహోమా ఎన్‌ఎస్‌ఎక్స్ లాంటివి రెండు వచ్చి ఇంకా మిగిలేది. అమ్మానాన్నల కోసం ఒంగోలు ఇంటి మీద వేయిద్దామనుకున్న గది ఆ ఏడాది ఆగిపోయింది. మా ఆవిడ లెక్క అడగలేదు. అడిగి ఉంటే నాకు తేలికగా ఉండేది.

ఆ కారు షాపు నుంచి వచ్చాక కవరు తీసి దానం చేసేశాను. నాన్న తిరిగి వెళ్లేముందు ఆయన్ను తీసుకుని టెక్సస్ హిల్ కంట్రీకి వెళ్లాను, లేకీ ఊరి చుట్టూ కొండల్లో తిరిగే 335, 336, 337 నంబరు రోడ్ల మీదకు. మలుపు మలుపుకూ ఆ గేరు టక్కుమంటుంటే, ఇంజన్ ఎనిమిది వేలు దాటి పాడుతుంటే, ఆయన కిటికీ దించి చెయ్యి బయటపెట్టి కూర్చున్నాడు. మధ్యలో ఆపి నూనె చూశాడు, గొట్టాలు తడిమాడు. తయారైన నాటి నుంచి ఆ కారు చేయాలనుకున్న పని అదేనని నాకు ఆ రోడ్ల మీద అర్థమైంది. అప్పటి నుంచి ఆఫీసుకు కూడా దానిలోనే వెళ్లాను. పెయింటుకు రాళ్లు తగిలాయి. మా అబ్బాయిని స్కూలుకు తీసుకెళ్తానన్నాను. వాడికి అప్పటికి తొమ్మిదేళ్లు దాటాయి, స్నేహితులతో కలిసి బస్సులో వెళ్లడమే ఇష్టమన్నాడు. ఆదివారాలు నాతో వచ్చేవాడు, అది వాడి దయ.

2018లో మళ్లీ బెల్టు గడువు దగ్గరపడింది. ఇంకోసారి అంత ఖర్చు మా ఇంటికి వద్దని నేనే అనుకుని అమ్మకానికి పెట్టాను. మీటరు 27 వేలు దాటింది. ఏది ఎప్పుడు మార్పించానో, ఏది మార్చాల్సి ఉందో మొత్తం రాసిచ్చాను, బెల్టు పాతబడిందని మొదటి వాక్యంలోనే రాశాను. మైళ్లు చూసి కొందరు వెనక్కి తగ్గారు. కొన్నాయన పరీక్ష చేయించుకుని, బెల్టు ఖర్చు ధరలో తగ్గించుకుని తీసుకెళ్లాడు. అది న్యాయం.

ఓక్లహోమా పెద్దాయనకు ఒకసారి ఫోన్ చేశాను. ఆ వెండి కారును నేను వద్దన్న వారంలోనే ఒక నర్సు కొనుక్కుందట, డ్యూటీకి అందులోనే వెళుతోందట. తన దగ్గరికి అప్పుడప్పుడు తీసుకొస్తుందని చెబుతుంటే ఆయన గొంతులో సంబరం. ఆ తర్వాత ఆ కార్ల ధరలు పెరుగుతూ పోయాయి. అలా నిత్యం వాడుకోగలిగిన స్పోర్ట్స్ కారు మళ్లీ మళ్లీ రాలేదని లోకం ఆలస్యంగా గుర్తించింది. 2005లో తయారీ ఆగేసరికి అన్ని దేశాలకూ కలిపి వచ్చినవి పద్దెనిమిది వేల చిల్లరే. తక్కువ తిరిగినవాటికి ఇప్పుడు అడిగే ధరలు నాకు అందవు. అవి నాకు అక్కర్లేదు కూడా.

ఇప్పుడు నేను చూస్తున్న ఎన్‌ఎస్‌ఎక్స్ తల్సాలో ఉంది. 1994 నాటిది, నలుపు, 1,58,000 మైళ్లు. ముందు బంపరు మీద పెయింటు లేచిందని, సీటు తోలు చిరిగిందని యజమానే ఫొటోలు పెట్టాడు. బెల్టు, నీళ్ల పంపు, గొట్టాలు మూడేళ్ల కిందట మార్పించిన బిల్లులు పంపాడు, టైర్ల మీది నాలుగంకెలు కూడా అడగకుండానే ఫొటో తీశాడు. లీక్‌డౌన్ పరీక్షకు అక్కడి మెకానిక్ దగ్గర టైము తీసుకున్నాను, పది రోజులు ఆగాలన్నాడు, ఆగుతున్నాం. ఈలోగా ఎవరైనా కొనేసుకుంటే వాళ్ల అదృష్టం. వెళ్లిన రోజు ముందు మా ఆవిడ నడుపుతుంది. తనకు నచ్చితేనే ధర మాట్లాడతాను.